చలికాలపు చేప కోసం కొల్లేటి దాకా

“ఆ చేప ఏ నెలలో పట్టిందండీ?”

మా పచ్చడి బాగాలేదని ఫోన్ చేసినవాళ్లలో ఈ మాట అడిగింది ఒకే ఒక్కావిడ. మిగతావాళ్లు తిట్టారు, డబ్బు తిరిగివ్వమన్నారు, ఒకాయనైతే మా వంశం మొత్తాన్ని కదిపాడు. ఈవిడ మాత్రం డాక్టరు రోగిని అడిగినట్టు నెమ్మదిగా చేప పుట్టుపూర్వోత్తరాలు అడిగింది.

మాది అనంతపురం. నేనూ, మా అత్తమ్మ నారాయణమ్మా ఇంట్లోనే చేప పచ్చడి పెట్టి ఊరూరా పంపుతుంటాం. మసాలా నాది, వేయించడం ఆమెది. మా ఊరికి బొచ్చె చేపలు ఐసు పెట్టెల్లో కృష్ణా జిల్లా నుంచే వస్తాయి. ఎండాకాలంలో పెట్టిన పచ్చడి నెలల తరబడి నిక్షేపంలా ఉండేది. చలికాలంలో పెట్టింది మాత్రం రెండేళ్లుగా నెల తిరిగేసరికి వాసన మారిపోతోంది. తుడవని దీపపు కుందిలో అడుగున మిగిలిపోయిన నూనె ఉంటుందే, ఆ వాసన. ఉప్పు పెంచాం, నూనె మార్చాం, సీసాలు ఎండబెట్టాం. ఏం చేసినా అంతే. పోయిన చలికాలంలో పంపిన సీసాలు చాలావరకు తిరిగొచ్చాయి. ఇంకొక్క చలికాలం ఇలాగే అయితే పచ్చళ్ల పని మానేసుకోవాల్సిందే.

ఫోన్ చేసినావిడ పేరు మేరీ రత్నం గారు. విజయవాడ పటమటలో ఉంటారు. కాలేజీలో ఆహారశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. డిసెంబరు చేప అని చెప్పగానే, “అనుకున్నానండీ” అన్నారు. “మీ సీసా నేను పారేయలేదు. వచ్చే డిసెంబరులో ఒకసారి రండి, చేపను చూపిస్తాను.”

“మాకు చేప తెలియకపోవడమేమిటి మేడమ్?”

“మీకు తెలిసింది ఐసులో చేప. చలికాలంలో నీళ్లలో ఉన్న చేపను చూద్దురు గాని రండి.”

ఆ మాట నన్ను ఏడాదంతా నిలవనివ్వలేదు. మా ఆయన నవ్వాడు, చేపలు అమ్ముకునేవాళ్లు చేపల్ని చూడ్డానికి టికెట్ కొనుక్కుని పోతారా అని. పోయాం. నేనూ, అత్తమ్మా.

పటమట

తెల్లవారుతుండగా రైలు కృష్ణ వంతెన ఎక్కింది. పొగమంచులో ఎటు చూసినా నీళ్లే. అత్తమ్మ కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడింది. మా వీధిలో మూడు రోజులకోసారి వచ్చే కుళాయికి బిందెలు వరస పెట్టి అలవాటైన మనిషి.

“ఇంత నీళ్లు పక్కన పెట్టుకోని వీళ్లకు నిద్ర యెట్ల పడుతుంది రమా?” అంది. కొంగు ముడి విప్పి నాణెం విసిరింది. అది వంతెన కమ్మీకి తగిలి ఖంగుమని మళ్లీ రైలు పక్కనే పడింది. ఇంకోటి విసిరింది. ఈసారి కృష్ణమ్మకు అందింది.

రత్నం గారి ఇంటి ముందు కాగితపు నక్షత్రం వేలాడుతోంది. క్రిస్మస్ దగ్గర పడిందని ఆ వీధిలో సగం ఇళ్లకు నక్షత్రాలున్నాయి. అరవై దాటిన మనిషి, పొట్టిగా, చురుగ్గా, నిలువు గీతల నూలు చీరలో గేటు దాకా వచ్చి మా సంచులు లాక్కున్నారు. ముందు కాఫీ, తర్వాత ఇడ్లీ. ఇక్కడ ఇడ్లీ తినే పద్ధతి మాకు కొత్త. కారప్పొడి మీద ఇంత నెయ్యి గుమ్మరించి, అందులో అద్దుకుని తింటారు. మాకు పొద్దున్నే ఉగ్గాని బజ్జీ లేకపోతే తిన్నట్టే ఉండదు గానీ, ఆ కారప్పొడి నాలుక మీద పడగానే అత్తమ్మ మారు మాట్లాడకుండా ఆరు ఇడ్లీలు తినేసింది.

తినడం అయ్యేసరికి గిన్నెలో మిగిలిన నెయ్యి చలికి మళ్లీ గడ్డకట్టింది. చెంచా దిగలేదు. రత్నం గారు ఆ గిన్నెనే మా ముందుకు జరిపి పాఠం మొదలుపెట్టారు.

“చూడండి, ఇదీ కొవ్వే. మీరు పచ్చడిలో పోసే వేరుశనగ నూనే కొవ్వే. ఇది గడ్డకట్టింది, అది కట్టలేదు. ఎందుకంటే కొవ్వులో కొవ్వు ఆమ్లాలని ఉంటాయి. వాటిలో కొన్ని చలికి బిగుసుకునేవి, కొన్ని బిగుసుకోనివి. ఇప్పుడు చేప సంగతి ఆలోచించండి. మన ఒళ్లు ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. చేప ఒళ్లు అట్లా కాదు, నీళ్లెంత చల్లగా ఉంటే తనూ అంతే. దాని ఒంట్లో ఉన్నదంతా ఈ నెయ్యి లాంటి కొవ్వయితే?”

“బిగుసుకోని చస్తాది,” అంది అత్తమ్మ.

“అందుకని చలి మొదలయ్యేసరికి బిగుసుకోని రకాన్ని పెంచుకుంటుందండీ. గుండెకు మంచిదని మందుల షాపుల్లో గొట్టం మాత్రల్లో పెట్టి అమ్ముతారే, ఒమేగా త్రీ, అది ఆ రకమే. చలికాలపు చేప మనకు మేలైన చేప. కాకపోతే ఒక చిక్కుంది. ఆ రకం కొవ్వుకు గాలీ వెలుతురూ పడవు. తగిలాయా, తొందరగా చెడిపోతుంది.”

రెండేళ్లుగా ఉప్పును అనుమానించాను, మిరపకాయల్ని అనుమానించాను, దిష్టి తగిలిందేమోనని నిమ్మకాయలు కూడా కట్టాను. మంచి చేప కావడమే దాని తప్పని ఎవరైనా అనుకుంటారా!

“అయితే చలికాలంలో పచ్చడి పెట్టకూడదా?” అని అడిగాను.

“అంత మాట నేను అననండీ. చెరువు చెరువుకీ మేత మారుతుంది, చేప చేపకీ తేడా ఉంటుంది. ముందు కోసి చూద్దాం పదండి.”

కంకిపాడు

మర్నాడు పొద్దున్నే రత్నం గారి చిన్న కారులో బందరు రోడ్డెక్కాం. నడిపేది ఆవిడే. హారన్ కొట్టడానికి మొహమాటపడతారు గానీ వేగానికి పడరు. కోతలైపోయిన పొలాల్లో వరి కుప్పలు, పక్కనే కాలవ, కాలవ గట్టున ఇళ్లు. వాకిట్లో కూర్చుని కాలవలో కాళ్లు పెట్టుకున్న ఒక ముసలాయన్ని చూసి అత్తమ్మ, “రాజు కదప్పా!” అంది.

కంకిపాడులో రోడ్డు పక్క చేపల బల్లల దగ్గర ఆగాం. పెద్ద కత్తిపీట ముందు కూర్చున్న ఆవిడ బూడిద పూసుకున్న చేతులతో బొచ్చెను పట్టుకుని ఒక్క దెబ్బకు తల వేరు చేస్తోంది. ధర మా ఊళ్లోకంటే కిలోకు అరవై రూపాయలు తక్కువ. నేను నోరు తెరిచి ఆ సంగతి బయటపెట్టేలోపే అత్తమ్మ నా కాలు తొక్కి బేరం మొదలుపెట్టింది.

“ముక్కలు కొట్టకమ్మా,” అన్నారు రత్నం గారు. “పొట్ట వేరు, వీపు వేరు చేసి ఇవ్వు.”

ఆవిడ చేపను నిలువునా చీల్చింది. నేను వేల చేపలు కోసినదాన్ని, కానీ ఎప్పుడూ ఇలా చూడలేదు. వీపు కండ తెల్లగా, పొడిగా ఉంది. పొట్ట గోడ లోపల మాత్రం మీగడ తొరకలా లేత పసుపు కొవ్వు. వేలితో తాకితే జారిపోయింది. ఇంత చలి పొద్దులోనూ మెత్తగా, నూనెలా!

“వానల్లో ఇట్టా ఉండదండి,” అంది కోసే ఆవిడ. “గుడ్లు పెట్టే టయానికి చిక్కిపోద్ది. ఇప్పుడే రుచి. పొట్ట ముక్క కోసం మా ఇంట్లో కొట్టుకుంటారు.”

“మేము అన్నీ కలిపే పచ్చడి పెడతాం,” అన్నాను.

ఆవిడ నా వంక జాలిగా చూసింది. “పొట్ట ముక్కా? పచ్చట్లోకా? అయ్యో.”

ఉయ్యూరు

ఐసు పెట్టెలో చేపలు సర్దుకుని ఉయ్యూరు వైపు సాగాం. చెరకు నరికే రోజులు. ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు రోడ్డంతా నిండి, కొండల్లా కదులుతున్నాయి. గాలినిండా బెల్లప్పాకం లాంటి తీపి వాసన. నేను కిటికీలోంచి తల బయటపెట్టి ఆ వాసన పీలుస్తుండగా ముందున్న ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. రత్నం గారు గట్టిగా బ్రేకు తొక్కారు. వెనక సీట్లో అత్తమ్మ పక్కన పెట్టిన ఐసు పెట్టె మూత ఊడింది. చల్లని నీళ్లూ, ఐసు ముక్కలూ, రెండు సగాలుగా చీల్చిన బొచ్చే వచ్చి అత్తమ్మ ఒళ్లో పడ్డాయి.

అత్తమ్మ కేక వేసింది. “మేడమ్మా! చేపను చూపిస్తానంటే ఇట్లనా!”

రోడ్డు పక్క చెరకు రసం బండి దగ్గర కారు ఆపాం. బండతను బకెట్టు నీళ్లూ, పెట్టెలోకి కొత్త ఐసూ ఇచ్చాడు. “ఎంత కడిగినా నీసు పోదండి, ఇది రాయండి,” అని నిమ్మచెక్కలు ఇచ్చాడు. అత్తమ్మ చీర కుచ్చిళ్లకు నిమ్మకాయ రుద్దుకుంటూనే రెండు గ్లాసుల రసం తాగింది. అల్లం, నిమ్మ వేసి తీసిన రసం, గ్లాసు ఇరవై రూపాయలు. మా వైపు చెరకు రసంలో సగం ఐసే ఉంటుంది. ఇక్కడ అడిగితే తప్ప ఐసు వేయరు. రత్నం గారు పదే పదే క్షమించమంటుంటే అత్తమ్మకు నవ్వొచ్చి, రసం ముక్కులోకి పోయి, ముగ్గురం రోడ్డు మీద దగ్గుతూ నవ్వుకున్నాం.

కొల్లేటి ఒడ్డు

గుడివాడ, కైకలూరు దాటాక భూమి తగ్గిపోయి ఆకాశమూ నీళ్లూ మిగిలాయి. రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులు. వాటిని దాటితే కొల్లేరు. అక్కడ రత్నం గారికి ఎన్నో ఏళ్లుగా తెలిసిన కుటుంబం ఉంది. వెంకటలక్ష్మి, ఆమె భర్త నాగేశ్వరరావు. ఇద్దరూ సరస్సు మీద వేటకు పోతారు.

“రండమ్మా, రండి, పొద్దుండగానే నీళ్ల మీదికి పోయొద్దాం,” అని నాగేశ్వరరావు పడవ తోశాడు. పడవ అంటే పెద్దదేమీ కాదు. మేం ముగ్గురం ఎక్కేసరికి అంచు నీళ్లకు జానెడు ఎత్తులో ఉంది. అత్తమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు నొక్కుకున్నాయి. ఇంతలో రెల్లు పొదల వెనకనుంచి పెద్ద పెద్ద గూడబాతులు ఒక్కసారిగా లేచాయి. రెక్కల చప్పుడుకు పడవ ఊగినట్టనిపించింది. నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా! నాగేశ్వరరావు నవ్వాడు. “అవీ మీలాగే దూరం నుంచి చేపల కోసం వచ్చినయ్యే అమ్మా.”

నీళ్లలో చెయ్యి పెట్టి చూశాను. చల్లగా జివ్వుమంది. ఈ నీళ్లలో ఒంటిమీద నూలుపోగు లేకుండా తిరిగే ప్రాణి, లోపలి కొవ్వునే మార్చుకుని బతుకుతోంది. నిన్న నెయ్యి గిన్నె దగ్గర విన్న పాఠం అరచేతికి అందినట్టయింది. అతను వల లాగితే రెండు జెల్లలు, ఒక కొర్రమీను, చెయ్యంత బొచ్చె వచ్చాయి.

ఇంటికొచ్చాక వెంకటలక్ష్మి పులుసు పెట్టింది. మట్టి దాకలో ఉల్లిముద్ద, చింతపండు, పచ్చిమిర్చి, చివర్న చిటికెడు మెంతిపిండి. గరిట పెట్టనివ్వదు. దాకను రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంది. నేనూ తిప్పబోయి చెయ్యి కాల్చుకున్నాను. ఆమె పోసిన నూనె రెండు గరిటెలే. పులుసు ఉడికేసరికి పైన వేలెడు మందాన బంగారు రంగు తేలింది.

“అదంతా చేపదే,” అంది. “చలికాలం నూనె సీసా నాకు నెలకు ఒకటి మిగులుద్ది.”

అరిటాకులు వేశారు. పొట్ట ముక్కలన్నీ మాకే వడ్డించారు. నోట్లో పెట్టగానే కరిగిపోయింది. నేను లొట్టలేస్తూ పక్కకు చూస్తే అత్తమ్మ తినడం లేదు. ఆకు ముందు కూర్చుని పులుసు వైపు చూస్తోంది. ఏమైందని అడిగాను.

“రమా, ఈ యేడు నేను వేయించను. నువ్వే వేయించుకో,” అంది. “నా ముక్కు పోయింటుంది. చెడిన ముక్కలు నాకు తెలియకుండానే బాండ్లిలో వేసినట్లున్నా. రెండేండ్లుగా అందరి నోట్లో మన్ను కొడతాండేది నేనే. ధర్మవరం పోయి నీ ఆడబిడ్డ పాప దగ్గర ఉంటానని దానితో చెప్పినా గూడా.”

పక్క గదిలో పడుకునే మనిషి ఇంత బరువు మోస్తోందని నాకు తెలియదు. ధర్మవరం మాట అసలు వినలేదు. బాండ్లి ముందు ఆమె లేని ఇల్లు నా ఊహకు అందలేదు. నేను ఆమె భుజం పట్టుకున్నాను.

రత్నం గారు చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె పక్కనే కూర్చున్నారు. “నారాయణమ్మగారూ, మీరు వేయించిన రోజున ఆ ముక్కల్లో ఏ వాసనా లేదండీ. లేనిది ఎవరికి తెలుస్తుంది? ఆ వాసన తర్వాత పుట్టింది. సీసాలో పుట్టింది.”

“మీరు మంచోళ్లు. మంచోళ్లు అట్లే చెప్తారు,” అంది అత్తమ్మ.

వెంకటలక్ష్మి అత్తమ్మ ఆకులో వేడి అన్నం ఇంకొంచెం పెట్టి, “ముందు తినండి పెద్దమ్మా. చల్లారితే దీని సొగసు పోద్ది,” అంది. ఆమె మాట కాదనలేక అత్తమ్మ తిన్నది. కానీ కళ్లెత్తి ఎవర్నీ చూడలేదు.

మళ్లీ పటమట

రాత్రి అక్కడే పడుకుని, పొద్దున తిరిగి బయల్దేరాం. ఇంటికి రాగానే రత్నం గారు తిన్నగా డాబా ఎక్కి దిగి, వంటింట్లోకి వెళ్లి, కాసేపటికి నాలుగు చిన్న సీసాలు పట్టుకొచ్చారు. లోపల ఏముందో కనపడకుండా నాలుగింటికీ కాగితం చుట్టి ఉంది.

“మీరు వస్తున్నారని ముందే కొన్ని తయారుచేసి ఎండలో పెట్టానండీ. ఒకటి మాత్రం ఇప్పుడే తయారుచేశాను. ఏది ఏమిటో నాకు తెలుసు. మీరు వాసన చూసి చెప్పండి.”

ముందు నేను చూశాను. మొదటి రెండూ నాకు ఒక్కలాగే అనిపించాయి. మూడోది కూడా అదేనన్నాను. రత్నం గారు పెదవి కొరుక్కున్నారు. “మసాలా కలిపేది మీరేనా రమగారూ?” అన్నారు.

అత్తమ్మ వద్దంది. నేను బతిమాలాను. చివరికి పమిట చెంగుతో ముక్కు తుడుచుకుని మొదటి సీసా ఎత్తింది.

“ఉత్త బుడ్డల నూనె.”

“అవును, వేరుశనగ నూనే,” అన్నారు రత్నం గారు. అత్తమ్మ రెండోది ఎత్తింది. “ఇందులో చేప వేయించినారు. బాగుండాది, ఏమీ కాలేదు.”

“వీపు ముక్కలు వేయించిన నూనె. నాలుగు రోజులు ఎండలో ఉంది.”

మూడోది ఎత్తి, కళ్లు మూసుకుని, మళ్లీ పీల్చింది. “ఇది చేప కొవ్వే. తాజాది. నిన్న పులుసు మీద తేలిందే, అది.”

“నిన్న కంకిపాడులో కోసిన పొట్ట కొవ్వు. ఐసులో ఉంచి, ఇప్పుడే కరగబెట్టాను.”

నాలుగోది ముక్కు దగ్గరికి రాకముందే అత్తమ్మ తల వెనక్కి తీసింది. “ఇదే! ఇదే మా సీసా!” అని కేకేసింది. “ఇదే దీపం వాసన! ఏముండాది ఇందులో?”

“అలాంటి పొట్ట కొవ్వే,” అన్నారు రత్నం గారు. “మూడోదీ నాలుగోదీ ఒకటే రకమండీ. ఒకటి తాజాది, ఒకటి గాలికీ ఎండకీ నాలుగు రోజులున్నది. తాజాదానిలో చెడు వాసన దొరికిందా మీకు?”

“లేదు.”

“వేయించే రోజున మీ ముందున్నది అది. మీ ముక్కుకేం ఢోకా లేదు. నాకంటే ముందు పట్టేశారు.”

అత్తమ్మ మూడో సీసా మళ్లీ తీసుకుంది. వాసన చూసింది. నాలుగోది చూసింది. మళ్లీ మూడోది. తర్వాత కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. రత్నం గారు మా ఇద్దరి మధ్యా కారప్పొడి ఇడ్లీల పళ్లెం పెట్టి, తనూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కాసేపటికి అత్తమ్మే ముక్కు చీదుకుని, “పాపకు ఫోన్ కలుపు. ధర్మవరం రానని చెప్పల్ల,” అంది.

ఆ సాయంత్రమంతా ముగ్గురం వంటింట్లోనే ఉన్నాం. చలికాలంలో పచ్చడికి వీపు ముక్కలే వాడాలి. వేయించిన నూనె పారబోసి, సీసాలో కొత్త నూనె మెడ దాకా నింపి, గాలికి చోటివ్వకూడదు. సీసాలు చిన్నవి, చీకట్లో పెట్టాలి. “చేసి చూడండి. కుదరకపోతే నన్ను తిట్టండి,” అన్నారు రత్నం గారు.

అనంతపురం

ఇంటికొచ్చిన వారానికే పచ్చడి పెట్టాం. వేయించింది అత్తమ్మే. బాండ్లి దగ్గరికి నన్ను రానివ్వలేదు. సంక్రాంతి వెళ్లింది, శివరాత్రి వెళ్లింది, ఉగాది నాటికి చివరి సీసా మూత తీశాం. మెంతులు, వెల్లుల్లి, నిమ్మరసం తప్ప ఇంకే వాసనా లేదు. ఆ చలికాలంలో పంపినవాటిలో ఒక్క సీసా కూడా తిరిగి రాలేదు.

మరి పొట్ట ముక్కలేం చేశామని అడుగుతారేమో. మొదటి ఆదివారం పులుసు పెట్టుకుని ఇంట్లో తిన్నాం. రెండో ఆదివారం వాసనకు పక్కింటివాళ్లు వచ్చారు. మూడో ఆదివారానికి మా ఆయన వాకిట్లో బెంచీ వేసి అమ్మకం మొదలుపెట్టాడు. మట్టి దాక, వేడి సంగటి, మీద బంగారు రంగు తేలే పులుసు. దాకను గరిట పెట్టకుండా తిప్పడం నాకిప్పుడు చెయ్యి కాలకుండానే వచ్చు. చలి తగ్గేదాకా ప్రతి ఆదివారం మా వాకిట్లో జనమే.

ఒక ఆదివారం స్కూటరు మీద వచ్చినాయన టిఫిన్ డబ్బా చాపాడు. “ఈ పొద్దు ఇంట్లో కోడి కూర ఉండాది పెద్దమ్మా. ఇది కట్టియ్యి, ఫ్రిజ్‌లో పెట్టుకోని రేపు తింటా.”

అత్తమ్మ ఆ డబ్బాను పక్కకు నెట్టి, ఆయన ముందు ఆకు వేసింది.

“రేపటికి ఇయ్యను నాయనా. ఇది ఈ పొద్దు చేప. కూచో.”